చుట్టాల బిందె

జిల్లా నీటి పరీక్షాశాలలో మంగయర్కరసి పనిచేస్తోందంటే పాలారు ఒడ్డున తొట్లలో తోళ్లు నానేసి పదును చేసే మా తోళ్ల వీధికంతా గర్వమే. "మన అరసి సంతకం పెడితేనే అవి నీళ్లు, లేకపోతే విషం" అంటుంది వీధి మొగలో ఇడ్లీలమ్మే కుప్పమ్మాళ్. మాట కాస్త ఎక్కువే అయినా అబద్ధమనలేం. ఆ సంతకం వెనక తొమ్మిదో తరగతిలో ఎస్తేర్ టీచర్ చెప్పిన ఒక పాఠం ఉంది.

ఆ ఏడు పంచాయతీ మంచినీళ్ల గొట్టం వేయిస్తానంది, కానీ అన్ని వీధులకూ చాలదంది. "ఎవరింట్లో తాగే నీళ్లు వాళ్లు సీసాలో తెండి. పళ్లెంలో పోసి ఇగరబెడదాం. అడుగున ఎంత ఎక్కువ మిగిలితే నీళ్లు అంత చెడ్డవి. ఆ మిగిలింది తీసుకెళ్లి పంచాయతీకి చూపిద్దాం" అంది టీచర్.

ఇగరబెట్టారు. సాలెవీధి పళ్లెంలో తెల్లటి పొర మిగిలింది. తోళ్ల వీధి పిల్లల పళ్లేలు మాత్రం కడిగి బోర్లించినట్టున్నాయి.

"ఏమే అరసీ, మీ వీధిలో తోళ్లు నానేస్తారా, పన్నీరు కాస్తారా?" అన్నాడు వెనక బెంచీ దయాళన్. తరగతి గొల్లుమంది.

టీచర్ నవ్వలేదు. "అయితే మీకు గొట్టం అక్కర్లేదనే కదా పంచాయతీ అనేది?"

అరసి తన పళ్లెం వంక చూసింది. ఇంట్లో బావినీళ్లకి పప్పు ఉడకదు, నాలుక మీద ఉప్పు పోదు. మరి సీసాలోకి ఈ నీళ్లెలా వచ్చాయి? అప్పుడు వెలిగింది. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ చుట్టాల బిందె వేరే ఉంటుంది. కొండ కింది బావి నుంచి ఆడవాళ్లు చంకనెత్తుకొచ్చే నీళ్లవి. ఇంట్లోవాళ్లు ముట్టరు. గడప దాటి పరాయివాళ్ల ముందుకెళ్లే నీళ్లంటే ఆ బిందెలోవే. సీసాలు నింపింది అమ్మలు మరి!

సాయంత్రం తల్లిని నిలదీసింది. పచ్చైయమ్మాళ్ కస్సుమంది. "టీచరమ్మ ముందుకి ఆ కంపునీళ్లు పంపుతానా? నలుగురిలో పరువేం కాను?"

"గొట్టం రాదమ్మా."

"రాకపోతే మానె. తొట్ల మేస్త్రీ చెవిన పడితే మీ నాన్న పని ఊడుతుంది. అప్పుడేం తింటావే, నీ చదువా?"

తోళ్లకి పట్టించే సున్నానికి పగిలిన చేతులకి నూనె రాసుకుంటున్న తండ్రి ఏళుమలై తలెత్తాడు. "తొట్ల మురికినీళ్లు ఏట్లోకి వదిలేది వాడే గదా పచ్చై, వాడికి తెలియకపోవడమేంటి? పిల్లని పోనీ."

మర్నాడు అరసి తానే బావిలో చేద వేసింది. తరగతిలో ఆ నీళ్లు ఇగిరేసరికి పళ్లెం అడుగున పచ్చటి పెచ్చు కట్టింది. మా వీధి పిల్లలు ఒక్కొక్కరే లేచారు. "టీచర్, మాదీ చుట్టాల బిందే..."

"తలలెత్తండర్రా" అంది ఎస్తేర్ టీచర్. "నీళ్లు చెడగొట్టినవాడు రొమ్ము విరుచుకు తిరుగుతుంటే, తాగినవాళ్లు తల దించుకోవడమేంటి?"

మన తోళ్లు బూట్లయి ఏ దేశానికి పోతాయో గాని, వాటి కసటు మాత్రం మన బావుల్లోనే మిగులుతోంది. ఈ మాట పెద్దలెవరూ పైకనలేదు. ఒక పళ్లెం అంది. అలాంటి పళ్లేలు ఊరూరా చూపించడమే తన పని అని అరసి ఆ గదిలోనే అనుకుంది.

పంచాయతీ కూడిన రోజు పిల్లలు పళ్లేలన్నీ బల్ల మీద పరిచారు. పెచ్చు కట్టినదాన్ని గోటితో గీకి ప్రెసిడెంటు మొహం చిట్లించాడు. "ఛీ, ఏ వీధివివి?"

తొట్ల మేస్త్రీ గోడకానుకుని చూస్తున్నాడు. అరసి పెదవి తడుపుకుంది. ఆమె నోరు తెరిచేలోపే ఆడవాళ్ల మధ్య నుంచి పచ్చైయమ్మాళ్ లేచింది.

"మావే అయ్యా. రోజూ తాగేది ఇవే. మా పిల్ల తెస్తానంటే సిగ్గేసి అడ్డుపడ్డాను. పిల్లకున్న ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పుడు చెబుతున్నా, మా వీధి పేరు రాసుకోండి."

"సరేలేమ్మా, చూద్దాం, కూర్చో."

"రాశాకే కూర్చుంటా."

అరసి వెళ్లి తల్లి పక్కన నిలబడింది. వెనకాలే కుప్పమ్మాళ్ లేచింది, తర్వాత వీధి ఆడవాళ్లంతా లేచారు. ప్రెసిడెంటు మేస్త్రీ వంక ఓసారి చూసి, కలం మూత తీశాడు. మొదటి గొట్టం మా వీధికే రాశాడు.