నాకు దక్కిన నాలుగు నిమిషాలు

మిద్దె మీద నేను పెట్టుకున్న వానకొలత పాత్రలో ఆ రోజు ఉదయం చుక్క నీరు లేదు. డైరీలో సున్న రాసి, కిందకు దిగి, మరుగుదొడ్డికి వెళ్లాను. నెత్తురు పడింది. నొప్పి లేదు. తిరిగొచ్చి సున్న పక్కనే ‘రక్తం, కొద్దిగా’ అని రాశాను.

మాది వేంపల్లె. మండల కార్యాలయంలో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరయ్యాను. ఉన్నన్నాళ్లూ ఆఫీసు ఆవరణలోని వానకొలత చూడటం నా బాధ్యత. ఉదయం ఎనిమిదిన్నరకు చూడాలి. మా సీమలో ఆ పనంటే చాలా వరకు సున్నలు రాయడమే. అయినా చూసి రాసిన సున్న వేరు, చూడకుండా రాసిన సున్న వేరు. సొంత డైరీ కూడా పదిహేడో ఏటి నుంచి అదే పద్ధతిలో రాస్తున్నాను. ఇక్కడ చెప్పే మాటలు, టైములు ఆ డైరీల్లోవే.

మొలలు అనుకుని మూడు నెలలు గడిపాను. ఊళ్లో డాక్టరు ఇచ్చిన మాత్రలు మింగాను. నెత్తురు పడిన ప్రతి రోజూ రాసుకున్నాను. మా ఆవిడ రత్నమ్మ ఒకరోజు డైరీ చూసింది.

“వాన రాసినట్టు నెత్తురు కూడా రాస్తాండావే. రాస్తే నిలుస్తాదా అది?” అంది.

మరుసటి రోజే కడపకు పోయాం. కొలనోస్కోపీ చేసిన డాక్టరు తెర మీద చూపిస్తూ, “ఇవి మొలలు కాదు పెద్దాయనా. గడ్డ ఉండాది. బయాప్సీకి పంపుదాం,” అన్నాడు. రిపోర్టు వచ్చింది. పురీషనాళంలో క్యాన్సర్. సీటీ స్కాన్, ఎమ్మారై అయ్యాక కర్నూలులో ఒక ఆసుపత్రికి రాసిచ్చారు. ముందు రేడియేషన్, దాంతోపాటు మాత్రలు. తర్వాత ఆపరేషన్. ఆ తర్వాత కీమో.

ఆపరేషనులో గడ్డ తీసేసి లోపల పేగును అతికారు. ఆ అతుకు మానేదాకా మలం అటు పోకుండా చిన్నపేగును పొట్ట మీదకు తెచ్చి ద్వారం పెట్టారు. దాన్ని స్టోమా అంటారు. మలం అందులోంచి పల్చగా, రాత్రీ పగలూ లేకుండా సంచిలోకి వస్తుంది. సంచికి చర్మాన్ని పట్టుకునే ప్లేటు ఒకటి ఉంటుంది. దాని నడుమ స్టోమాకు సరిపడా రంధ్రం కత్తెరతో కోసుకోవాలి. “మూడు నెలలే పెద్దాయనా, తర్వాత మూసేద్దాం,” అన్నాడు సర్జన్.

ఇక డిశ్చార్జి రోజు. ఆ వార్డు సిస్టరును ఇక్కడ సువర్ణ అంటున్నాను. ఇది వేస్తున్న పత్రిక ఎడిటరుగారు అడిగినందుకు పేరు మార్చాను. డైరీలో మార్చలేదు.

పదకొండు నలభైకి ఆమె వచ్చింది. పాత సంచి పీకి, తుడిచి, కొత్తది అంటించింది. అన్నిటికీ ఒకే కొలతలో ముందే రంధ్రాలు కోసి తెచ్చిన పది ప్లేట్లు డబ్బాలో వేసి, “యాభై మిల్లీమీటర్లు, గుర్తుపెట్టుకోండి,” అంది. నేను, “ఇంకోసారి చూపిస్తావా అమ్మా? నా చేత్తో ఒకసారి చేస్తాను,” అన్నాను. ఆమె మోచేతి మడతతో ముక్కు మూసుకుని, వార్డంతా వినేట్టు అన్న మాటలు ఇవి:

“ఎన్నిసార్లు చూపియ్యాల పెద్దాయనా? ఈ వాసనకి పక్క బెడ్డోళ్లు అన్నం గూడా తినల్యాకుండా ఉండారు. ఇంటికి పో, మీ ఇంటామె ఉండాది గదా కడగనీకె.”

పక్క బెడ్డు దగ్గర ఎవరో నవ్వారు. రత్నమ్మ తల వంచుకుని గుడ్డలు సర్దింది. గడియారం చూశాను. పదకొండు నలభై నాలుగు. నాలుగు నిమిషాలు.

కడుపులో కుట్లు లాగుతుండగా, కారు ఆళ్లగడ్డ దాటకముందే ఆ మాటలు అక్షరం పోకుండా రాసుకున్నాను. కింద ఎర్ర సిరాతో గీత కొట్టాను.

ఇంట్లో మొదటి పది రోజులు పరవాలేదు. తర్వాత సంచి నిలవడం మానింది. పొద్దున అంటిస్తే మధ్యాహ్నానికి ప్లేటు కింది నుంచి కారేది. చర్మం ఎర్రబడి, పొక్కి, పచ్చి పుండైంది. నీళ్లు తగిలితే కారం చల్లినట్టు ఉండేది. ఆమె ఇచ్చిన పదీ అయిపోయాక నేనే స్కేలు పెట్టి యాభైకి కోసుకున్నాను. సగం మిల్లీమీటరు తేడా రానివ్వలేదు. ఇచ్చిన కొలత మార్చడం నాకు ఉద్యోగం నేర్పలేదు.

కీమో మొదలుపెట్టాలని కర్నూలు బస్సెక్కితే మైదుకూరు దాటాక సంచి ఊడింది. ముందు సీటు మనిషి ముక్కుకు కండువా పెట్టుకుని కండక్టరుతో, “ఏమప్పా, ఈయన్ని యాడన్నా దించు,” అన్నాడు. దిగాం. రోడ్డు పక్క కంపచెట్ల చాటున రత్నమ్మ తన పాత చీర ముక్కతో నన్ను తుడిచింది. ఆ రోజు నేను రాసింది ఒక్క మాటే: ఆ సిస్టరు పేరు.

ఆ వారంలోనే కళ్లు తిరిగి పడిపోయాను. కడపలో అడ్మిట్ చేశారు. ఒంట్లో నీరంతా సంచిలోకి పోయి, కిడ్నీలు దెబ్బతిని క్రియాటినిన్ పెరిగిందట.

“సంచిలోకి రోజుకు అవుట్‌పుట్ ఎంత పోతాంది? కొలిచినారా?” అని అడిగాడు డ్యూటీ డాక్టరు.

“కొలవాలని ఎవురూ చెప్పల్యా సార్.”

నా నోటి నుంచి ఆ మాట వచ్చింది. ఉద్యోగమంతా ఆకాశం నుంచి పడేది కొలిచినవాణ్ని. నా కడుపులోంచి పోయేది కొలవలేదు.

కర్నూలు క్యాన్సర్ డాక్టరు ఫోనులో, “చర్మం మానాలి, క్రియాటినిన్ దిగాలి. అంతవరకూ కీమో ఇవ్వలేను. ఆలస్యమైతే మంచిది కాదు, కానీ దారి లేదు,” అన్నాడు. ఆరు వారాలు ఆలస్యమైంది. ఆ ఆరు వారాల్లో లోపల ఏం మిగిలి ఉందో, ఏం పెరుగుతోందో తెలియదు. రోజూ ఆ పేజీ తెరిచి ఎర్ర గీత మీద మరో గీత కొట్టేవాణ్ని. కాగితం చిరిగింది.

దారి చూపింది పక్కింటి దర్జీ మహబూబ్ బాషా. పలకరించడానికి వచ్చినప్పుడు నేను ప్లేటు కోస్తున్నాను. చాలాసేపు చూశాడు.

“ఎవురి కొలతన్నా అది?”

“నాదే. యాభై అన్నారు ఆసుపత్రిలో.”

“ఎప్పుడన్న్యారు?”

“ఆపరేషనైన వారానికి.”

“ఒళ్లుండేటప్పుడు తీసిన కొలతకి, చిక్కినాక కుడితే చొక్కా నిలుస్తాదా? గుండీ ఎంతో చూడకుండా కాజా కోయకూడదన్నా. యాదీ, చూపియ్యి.”

చూపించాను. మెడలోని టేపు తీశాడు. ముఖం తిప్పుకోలేదు. స్టోమా ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు ఉంది. ఆపరేషన్ వాపు తగ్గేకొద్దీ అది చిన్నదవుతుందట. మొదటి రెండు నెలలు వారం వారం కొలవాలట. ఇది నాకు తర్వాత తెలిసింది. నేను మాత్రం యాభై పట్టుకుని, నడుమ మిగిలిన చర్మాన్ని రోజూ మలానికి అప్పగించాను. బాషా పెళ్లి పత్రిక అట్ట మీద ముప్పై మిల్లీమీటర్ల గుండ్రం కోసి ఇచ్చాడు. దాని కొలతకు కోసి అంటించిన సంచి మూడు రోజులు నిలిచింది. మూడు వారాలకు పుండు మానింది. కీమో మొదలై పూర్తయింది.

లోపలి అతుకు మాత్రం సరిగా మానలేదు. “మళ్లీ కలపడం రిస్క్. సంచితోనే ఉండండి,” అన్నాడు సర్జన్. ఉన్నాను. కొత్త డైరీ మొదలుపెట్టినప్పుడల్లా సువర్ణ మాటలను మొదటి పేజీకి ఎక్కించుకున్నాను. రెండు డైరీలు మారాయి.

మూడో ఏడు రివ్యూకు వెళ్తే సర్జన్ అడిగాడు. “మా నర్సులకు రెండు రోజులు ట్రైనింగ్ పెడతాన్నాం. క్యాన్సర్, డయాలసిస్, ఇట్లా ఏండ్లకేండ్లు జబ్బుతో ఉండేవాళ్లను ఎట్లా చూసుకోవాలనేది. రోజూ ఒక గంట మీ అనుభవం చెప్తారా?”

“వచ్చేవాళ్ల పేర్లు చూడొచ్చునా సార్?”

ఇరవై రెండు పేర్లు. మూడోది ఆమెది.

“కోపంగా ఏం మాట్లాడరు గదా?” అన్నాడు.

“అసలు మాట్లాడను సార్. ఇరవై రెండు సంచులు తెప్పించండి.”

ముందు రోజే కర్నూలులో మరదలి ఇంట్లో దిగాం. తెల్లవారి రత్నమ్మ చేత పెద్ద గిన్నెడు రాగిజావ కాయించాను. పల్చగా, నా సంచిలో ఉండేంత పల్చగా.

“పాఠానికి పోతాండావా, పగకి పోతాండావా?” అంది గరిటె తిప్పుతూ.

“నువ్వు ఉండలు కట్టనీకుండా తిప్పు,” అన్నాను.

క్లాసులో అందరికీ తలా ఒక సంచి, ఇరవై అయిదుకు కోసిన ప్లేటు ఇచ్చాను. వెచ్చటి జావ పోసి, పొట్టకు అంటించుకుని, రేపు ఉదయం వరకు తీయొద్దన్నాను. దాంతోనే ఇంటికి పోవాలి, తినాలి, పడుకోవాలి. చిన్న వయసు నర్సులు కొందరు నవ్వారు. సువర్ణకు ఇచ్చిన ప్లేటు మాత్రం అంటుకునే అంచు సన్నగా మిగిలేట్టు నేను ముందుగానే వేరుగా కోసి పెట్టుకున్నది. యాభై. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. థ్యాంక్స్ చెప్పి తీసుకుంది. అది ఎండాకాలం. రాగిజావ సాయంత్రానికి పులుస్తుంది.

నేను చేసింది తప్పని తెలుసు. ఆ రోజు రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఉదయం క్లాసు మొదలు కాకముందే ఆమె వచ్చింది. కాగితంలో చుట్టిన ప్లేటు నా ముందు పెట్టి, దాని మీద స్కేలు పెట్టింది.

“అందరికీ ఇరవై అయిదు. నాకు యాభై. షేర్ ఆటోలో కారింది. పక్కనామె చీర లాక్కుని, డ్రైవర్తో ఆపమనింది. ఇది జావమ్మా అంటే ఒగరూ నమ్మల్యా. ఎవురు కోసినారు ఇది?”

“నేనే.”

డైరీ తీసి చదివాను. పదకొండు నలభై నుంచి పదకొండు నలభై నాలుగు దాకా. తర్వాత స్టోమా చిన్నదై ఇరవై ఎనిమిదికి దిగినా నేను యాభైకే కోసుకున్నానని చెప్పాను. లోపలికి వస్తున్న నర్సులు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆమె ఏడుస్తుందనుకున్నాను. అందుకే వచ్చాను కూడా.

“నాకు గుర్తు లేదు పెద్దాయనా,” అంది.

ఆ మాటకు నాకు పుట్టిన కోపం ఆపరేషనైన రోజు నుంచి అంతవరకూ పుట్టలేదు. మూడేళ్లు నేను మోసిన రోజు ఆమెకు రోజే కాదు.

“అనే ఉంటాను. ఆ వార్డుకు నన్ను ఏసి అప్పటికి నాలుగు రోజులు. సంచి మార్చేది నాకూ ఎవురూ చూపియ్యలేదు. డబ్బా మీద బొమ్మ చూసి నేర్చుకున్న్యా. ఆ నాలుగు నిమిషాలకు మించి నాకు రాదు. చిన్నదవుతాదని ఇప్పుడు మీరు చెప్తే తెలుస్తాంది.”

“తెలియకపోవడం నీ తప్పు కాదు,” అన్నాను. “ముక్కు మూసుకున్నావే, అది నీ తప్పు.”

ఆమె క్షమించమని అడగలేదు. గ్లౌజులు వేసుకుంది. “చొక్కా ఎత్తండి. ఎట్లా చేయాల్నో చెప్పండి. చేస్తాను,” అంది.

ఇరవై ఒక్క మంది చూస్తుండగా కుర్చీలో కూర్చుని చొక్కా ఎత్తాను. ఆమె ప్లేటు మెల్లగా వదిలించి, గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, ఆరనిచ్చి, అట్ట పెట్టి కొలిచింది. “ఇరవై ఆరు,” అని అందరికీ వినేట్టు చెప్పింది. ఇరవై తొమ్మిదికి కోసి, అంటించి, అరచేయి పెట్టి వెచ్చదనం తగిలేలా ఒత్తి పట్టుకుంది. సంచి మార్చే మధ్యలో వాసన వస్తుంది, ఆపలేం. నేను ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాను. అది ముక్కు దగ్గరకు పోలేదు. ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది. రాసుకున్నాను.

పగ తీరిందా అని బాషా అడిగాడు. లేదు. ఆరు వారాలు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. కాకపోతే ఇప్పుడా పగ ఆమె ఒక్కతె మీద లేదు. నేర్పకుండా ఆమెను ఆ వార్డులో నిలబెట్టినవాళ్లందరి మీద ఉంది. వాళ్ల పేర్లు నాకు తెలియవు, తెలుసుకుంటున్నాను. ఎర్ర గీత చెరిపేయలేదు. దాని పక్కన ‘31 నిమిషాలు’ అని నీలి సిరాతో రాశాను.

ఇప్పుడు నేను బాగున్నాను. స్కానులు శుభ్రంగా వస్తున్నాయి. ఉదయం వాన, సాయంత్రం అవుట్‌పుట్ కొలిచి రాస్తాను. కర్నూలులో ట్రైనింగ్ పెట్టిన ప్రతిసారీ పిలుస్తారు. సువర్ణ ఇప్పుడు అక్కడ నాతోపాటు నేర్పుతుంది. మేం ఒకరి బాగోగులు ఒకరం అడగం. రత్నమ్మ జావ కాస్తుంది. యాభైకి కోసిన ప్లేటు ఒకటి ప్రతిసారీ నా చేతిసంచిలో ఉంటుంది. ఎవరికి ఇవ్వాలో మొదటి గంటలో తెలిసిపోతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా స్టోమా పెడితే ఒక్క పని చేయండి. డిశ్చార్జికి ముందు నర్సు ఎదుట మీ చేత్తో రెండుసార్లు సంచి మార్చండి. కొలత అడగండి, మళ్లీ ఎప్పుడు కొలవాలో అడగండి. ఆమె నేర్పడం మొదలుపెట్టేటప్పుడే నోటుపుస్తకం తీసి, పేరు అడిగి, టైము చూసి, ఆమెకు కనబడేట్టు రాయండి. చదువు రాకపోతే ఊరికే గీతలు గీయండి. ఎవరైనా సరే, కొంచెం ఎక్కువసేపు నిలబడతారు.