ఎడమ వెనక డోరు

మా నాయనతో వాదించి గెలిచినవాడు గద్వాలలో ఇంతవరకు పుట్టలేదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటారే, ఆ బాపతు. ఆయన పట్టిన కుందేలు ఒక నల్లటి అంబాసిడర్ కారు. బదిలీ మీద వెళ్లిపోతూ ఒక డాక్టరు వదిలించుకున్న ఆ ముసలి బండిని, నాలుగు మగ్గాలున్న మా నాయన ఏనుగును కొన్నంత సంబరంగా ఇంటికి తెచ్చాడు. తెచ్చి మగ్గాల కొట్టంలో పెట్టాడు. ఎండాకాలం పడుగు పోగులు పుటుక్కున తెగిపోకుండా మేము ఆ కొట్టం నేలంతా నీళ్లు చల్లుతాం. ఏళ్ల తరబడి ఆ తడిలో నిలబెడితే ఇనుము ఏమవుతుందో చంటిపిల్లకైనా తెలుసు. నాయనను అడిగితే, "నీడ పట్టున సల్లగుంటదిరా" అనేవాడు.

నేను వనపర్తిలో బడిపంతులుగా ఉన్న రోజులవి. తొంభైల మొదట్లో. కారు ఇంటికొచ్చి అప్పటికి పదేళ్లు దాటింది. నాగర్‌కర్నూల్‌లో ఉన్న పెద్దమ్మ, అంటే మా అమ్మకు సొంత అక్క, మంచాన పడిందని కబురొచ్చింది. చెల్లెను ఒక్కసారి చూడాలని అడుగుతున్నదట.

ఇక్కడొక పీటముడి ఉంది. అంతకు ఏడేళ్ల ముందు పెద్దమ్మ మా ఇంటికొచ్చి పదిహేను రోజులుండి పోయింది. ఆమె పోయిన మర్నాటి నుంచి అమ్మ చీర ఒకటి కనపడలేదు. ఉల్లిపొట్టు రంగు చీర, ఒళ్లు నూలు, అంచు పట్టు. షావుకారు కోసం కాక, అమ్మ కోసమే నాయన స్వయంగా నేసిన చీర. "మా అక్కనే ఎత్తుకపోయింది" అని అమ్మ తీర్పు చెప్పేసింది. ఆ మాట నాగర్‌కర్నూల్ దాకా చేరవేసింది కూడా. అంతే, రాకపోకలు బంద్.

అమ్మ ఇప్పుడు వెళ్తుందా వెళ్లదా అని భయపడుతూ నేను గద్వాల పోతే, ఆమె ఠక్కున ఒప్పుకుంది.

"వస్త. కాని చీర తీసిన అని దాని నోటితోనే ఒప్పిస్త. అప్పుడే ఆ ఇంట్ల మంచినీళ్లు ముడుత."

"అమ్మా, పానం మీదికొచ్చిన మనిషిని చీర అడుగుతవా?"

"మొగోనివి, చీర సంగతి నీకేం తెల్సురా?"

చీరలు నేసే కొంపలో పుట్టిన నాతో అన్న మాట అది!

అమ్మకు అప్పటికి తుంటి ఎముక విరిగి ఏడాది. బస్సులో కూర్చోలేదు, కారు వెనక సీటులో పడుకోబెట్టే తీసుకుపోవాలి. సీటు సర్దుదామని కారులో కాలు పెట్టాను. నా కాలు కింది రేకులోంచి దిగబడి నేలకు ఆనింది. తుప్పు తిని తిని అక్కడ రేకన్నది మిగల్లేదు. టింకరింగ్ చేయించక తప్పదన్నాను. నాయన ససేమిరా అన్నాడు. నెత్తీ నోరూ కొట్టుకుంటే చివరికి ఒప్పుకుని ఒక మెలిక పెట్టాడు.

"కింద రేకు ఒక్కటే ఏపిచ్చు. ఎడమ దిక్కు ఎనక డోరును మాత్రం ముట్టనియ్యకు."

"ఎందుకు?"

"గది మంచిగుంది. మంచిగున్నదాన్ని కదిలిచ్చుడెందుకు?"

కారును ఎలాగో వనపర్తి చేర్చి టింకరింగ్ షెడ్డులో పెట్టాను. మేస్త్రీ పెద్దాయన. మెటికతో కారు ఒళ్లంతా తట్టి, చెవి ఒగ్గి వింటాడు. ఎడమ వెనక డోరు దగ్గర ఆగి రెండుసార్లు తట్టాడు.

"రేకు ఠంగుమనాలె సార్. ఇదేంది, దబ్బుమంటుంది?"

"దాని జోలికి పోకండి, మా నాయన ఒప్పుకోడు" అన్నాను.

అక్కడ మొదలైంది నా గ్రహచారం. ఒకరోజు గ్యాస్ సిలిండర్ రాలేదు. ఒకరోజు మేస్త్రీ బామ్మర్ది పెళ్లి. ఇంకోరోజు రేకు కోసం పోయిన మనిషి తిరిగి రాలేదు. ఎప్పుడు పోయినా ఒకటే పాట: "జర ఓపిక పట్టుండ్రి సార్, రేపు పక్కా." ఇది చాలదన్నట్టు నాయన గద్వాల నుంచి బస్సెక్కి దిగాడు. షెడ్డులో ఒక డబ్బా బోర్లించుకుని ఎడమ డోరుకు ఎదురుగా కూర్చున్నాడు. రోజూ అదే కాపలా. ఇంటికి పోయి పడుకో నాయనా అంటే వినడు. నాగర్‌కర్నూల్ నుంచి మళ్లీ కబురొచ్చింది, పెద్దమ్మ అన్నం మానేసింది, జావ మీదే ఉందని. నా తలప్రాణం తోకకొచ్చింది.

తొమ్మిదో రోజు మేస్త్రీ గ్యాస్ మంట అందుకున్నాడు. కింద కొత్త రేకును అతుకుతూ ఎడమ వైపు అంచుకు వచ్చేసరికి డోరు అడుగునుంచి పొగ లేచింది. వెంట్రుకలు కాలిన వాసన. పట్టు అసలుదో కాదో పోగు కాల్చి చూసుకునే ఇల్లు మాది. ఆ వాసన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నాయన డబ్బా మీది నుంచి లేచి నిలబడ్డాడు.

మేస్త్రీ గబగబా నీళ్లు కుమ్మరించి, డోరు కింది భాగాన్ని పట్టకారుతో పట్టి గుంజాడు. నల్ల రంగు పెచ్చులతో పాటు బట్ట ఊడొచ్చింది. ఒక పొర, దాని కింద ఇంకో పొర, చింతగింజల గంజితో అట్టకట్టి ఉన్నాయి.

"యా అల్లా! ఇది డోరు కాదు సార్, బొంత!" అని మేస్త్రీ పడీపడీ నవ్వాడు.

చిట్టచివరి పొర ఊడదీసింది నేనే. తుప్పు మరకల నడుమ జానెడు పట్టు అంచు. ఉల్లిపొట్టు రంగు.

"ఏంది నాయనా ఇది?"

ఆయన ఆ ముక్కను నా చేతిలోంచి తీసుకున్నాడు. "డోరు కింద రేకు రాలిపోయింది. గుడ్డ అతికిచ్చి రంగేద్దామనుకున్న. పాతగుడ్డల గంప మీద ఉండెరా. చీకట్ల ఏదో పాతదనుకున్న. కోసి అతికిచ్చినంక అంచు సూసిన. నా చేతి నేత నేనే గుర్తుపట్టలే."

"అప్పుడే చెప్పొచ్చు కదా!"

"చెప్దామని పోయేసరికి మీ అమ్మ వాళ్లక్క మీద పడ్డది. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్న."

నాకు ఒళ్లు మండిపోయింది. తొమ్మిది రోజుల రేపులకు మేస్త్రీని నానా మాటలూ అన్నాను. ఈయనవి ఏడేళ్ల రేపులు! ఒక ఆడమనిషిని దొంగను చేసి, తీరా ఆమె చావుబతుకుల్లో ఉంటే డోరుకు కాపలా కూర్చున్నాడు. అందరి ముందే అరిచాను. నాయన తల వంచుకుని నిలబడ్డాడు.

సంగతంతా విన్న మేస్త్రీ నవ్వు ఆపేశాడు. "అక్కచెల్లెండ్ల ముచ్చట సార్, ఆగొద్దు" అని ఆ పూటా మర్నాడూ వంచిన తల ఎత్తకుండా పనిచేశాడు. రంగుకు టైము లేదు. నల్ల కారుకు ఎర్ర ప్రైమరు పూసిన డోరుతోనే బయటపడ్డాం.

గద్వాలలో అమ్మను వెనక సీటులో పడుకోబెట్టాం. చీర ముక్క నాయన జేబులో ఉంది. తానే చెప్తానని నాకు మాటిచ్చాడు. వనపర్తి దాటినా పెదవి విప్పడే! ఇక నా వల్ల కాలేదు. కారు పక్కకు ఆపాను.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

ఆయన వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచి ఆ ముక్కను అమ్మకు అందించాడు. "డోరుకు అతికిచ్చిన. పాతదనుకున్న" అన్నాడు.

అమ్మ అంచు మీద బొటనవేలు రాసుకుంటూ పోయింది. ఇంతెత్తున లేస్తుందనుకున్నాను. నాగర్‌కర్నూల్ వచ్చేదాకా ఆ వేలు అంచు మీద తిరుగుతూనే ఉంది. దానికంటే తిట్టిపోసినా బాగుండేది.

పెద్దమ్మ నులక మంచంలో ఎముకల గూడులా ఉంది. చూపు ఆనడం లేదు. నేనూ వాళ్ల కొడుకూ అమ్మను ఎత్తుకొచ్చి ఆమె పక్కనే కూర్చోబెట్టాం. నాయన కారు దగ్గరే ఆగిపోయాడు. అమ్మ చీర ముక్కను అక్క చేతిలో పెట్టింది. పెద్దమ్మ వేళ్లతో తడిమి తడిమి చూసింది.

"ఉల్లిపొట్టు రంగుదేనా?"

"అదే అక్కా. మా ఇంట్లనే ఉండె, నీ మరిదే కారుకు అతికిచ్చిండు. నా నోట్ల మన్నువడ" అని అమ్మ భోరుమంది.

పెద్దమ్మ ఏడవలేదు, కోప్పడలేదు.

"ఏడేండ్ల సంది ఆ రంగు చీర కట్టలేదే చెల్లే. కోడలు కొత్తది తెచ్చినా మడత ఇప్పలే. సూసినోళ్లు నీదే అనుకుంటరని."

కోడలు పెట్టె తెరిచి ఆ చీర తెచ్చింది. మడత మడత లాగే ఉంది. అమ్మ దాన్ని విప్పి అక్క మీద కప్పి, భుజాల దాకా సర్దింది. పెద్దమ్మ చీర చెంగును గుప్పిట్లో పట్టుకుని నన్ను పిలిచింది.

"మీ నాయనేడిరా? ఇంట్లకు రమ్మను."

బయటికొచ్చి చూశాను. నాయన ఆ ఎర్ర డోరుకు ఆనుకుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. నా కోపం అప్పటికీ చల్లారలేదు. అయినా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాను.