చెప్పుల్లేని గడప

మా మాస్టారు పోయారు. బుధవారం పొద్దున పాలాయన పిలిచి పిలిచి, దగ్గరగా వేసున్న తలుపు నెట్టి చూసి, కేకేశాడు. నేను ఆఫీసుకు వెళ్లబోతూ జడ వేసుకుంటున్నాను. చేతిలో దువ్వెనతోనే పరుగెత్తాను. గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నారు. డాక్టరు వచ్చి చూసి, ముందురోజు పొద్దుగూకే వేళ ప్రాణం పోయి ఉంటుందన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆయన కాళ్ల సంగతి చెప్పాలి.

రెండు ప్రాంతాలూ కలిసి ఒక రాష్ట్రంగా ఏర్పడిన మరుసటి ఏడు టైపిస్టు ఉద్యోగానికని తెనాలి నుంచి వచ్చి, నాంపల్లిలో నాలుగు కుటుంబాలుండే ఒక వాకిట్లో గది కిరాయికి తీసుకున్నాను. ఎదురిల్లు ఆయనది. అబిడ్స్‌లో బడిపంతులు. అందరూ 'సార్' అంటే, నేను మావైపు అలవాటుగా 'మాస్టారూ' అన్నాను.

"గా పిలుపు మంచిగున్నది. గట్లనే పిలువు బిడ్డా" అన్నారు.

ఈ ఊళ్లో నాకు చుట్టమన్నవాళ్లు లేరు. ఆయన భార్య కూర గిన్నె పంపిన రోజే నాకు పండగ. ఆమె కూడా ఎంతోకాలం ఉండలేదు.

కర్మ చేసే మనిషి చెప్పులు తొడగకూడదు కదా, ఆమె పోయిన పదకొండు రోజులూ ఆయన వట్టికాళ్లతో తిరిగారు. పన్నెండో నాడు బావమరిది కొత్త చెప్పులు తెచ్చి ముందు పెడితే, కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

"ఏసుకోబుద్ధి అయితలేదు. జర రోజులు గిట్లనే నడుస్త."

ఆ జర రోజులు పదమూడేళ్లు సాగాయి.

మొదట్లో ఎంత అవస్థ! ఎండాకాలం అబిడ్స్ రోడ్డు మీద తారు కరిగి అరికాళ్లకు అంటుకునేది. గోడల నీడ పట్టుకుని బడికి వెళ్లేవారు. నీడ తెగినచోట ధోవతి ఎత్తిపట్టుకుని ఒకటే పరుగు. పిల్లలు నవ్వితే తనూ నవ్వేవారు. తారు తుడవడానికి కిరసనాయిలు గుడ్డ ఇచ్చేదాన్ని, పిన్నీసుతో ముళ్లు తీసేదాన్ని, తీస్తూ తిట్టేదాన్ని.

"ఇదేం మొండితనం మాస్టారూ!"

"ఫికర్ చెయ్యకు బిడ్డా. చెప్పులున్నప్పుడు తొవ్వ కండ్లకే ఎర్క. ఇప్పుడు కాళ్లకు గూడ ఎర్కయితున్నది."

రెండేళ్లకు అరికాళ్లు గట్టిపడ్డాయి. పొద్దున్నే ఏ దుకాణం ముందు బండలు కడుగుతారో, స్టేషన్ దగ్గర కంకర ఎక్కడ గుచ్చుతుందో అన్నీ తెలిసిపోయాయి. ఒంటరి మనిషి కదా, అడుగడుక్కీ ఏదో ఒకటి తగలాలనుకున్నారేమో. నాకలా అనిపించేది గానీ ఎప్పుడూ అడగలేదు.

మా వాకిట్లో ఒక అలవాటుంది. గడప ముందు చెప్పులుంటే మనిషి ఇంట్లో ఉన్నట్టు, లేకపోతే బయటికి పోయినట్టు. ఎవరూ తాళాలు చూడరు. ఆయనైతే తాళమే వేసేవారు కాదు.

"మీరు ఇంట్లో ఉన్నదీ లేనిదీ మాకెలా తెలిసేది?" అని ఒకసారి దెబ్బలాడాను.

"పిలిస్తె పలుకుత గద బిడ్డా" అన్నారు.

అప్పటినుంచి ఆఫీసు నుంచి రాగానే పిలిచేదాన్ని. "ఔ బిడ్డా, వచ్చినవా?" అని లోపలినుంచి వినబడేది. నేను ఇల్లు చేరానో లేదో అడిగే గొంతు ఈ ఊరు మొత్తంలో అదొక్కటే.

ఆ మంగళవారం సాయంత్రం లక్డీకాపూల్‌లోని ఆఫీసు నుంచి విపరీతమైన తలనొప్పితో వచ్చాను. ఆయన గడప వైపు చూశాను. చెప్పులు లేవు. ఇంట్లో లేరులే అనుకుని నా గది తలుపు తీసుకున్నాను. పదమూడేళ్లుగా ఆ గడప ముందు చెప్పులే లేవన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. పిలిస్తే పలికేవారేమో. పలక్కపోతే తలుపు నెట్టేదాన్ని. ఒక్క పిలుపు, అంతే కదా! ఎంత తిట్టుకున్నా ఈ బాధ తీరడం లేదు.

దహనం నాడు ఆ గడప ముందు ఎన్ని చెప్పులో! పాత విద్యార్థులు, బడివాళ్లు, వీధివాళ్లు వచ్చారు. మెట్టు మీంచి గేటు దాకా జతలే. సాయంత్రానికి ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుని వెళ్లిపోయారు. లోపల దీపంలో నూనె పోసి వచ్చేసరికి ఒక్క జతే మిగిలింది. నాది.

తొడుక్కోబోయి ఆగాను. వట్టికాళ్లతోనే వాకిలి దాటాను. బండలు ఇంకా వేడిగానే ఉన్నాయి. నా గది గడప మీద నిలబడి వెనక్కి చూశాను. ఆ తలుపు ముందు చెప్పులున్నాయి, ఇంట్లో మనిషి ఉన్నట్టు.

"మాస్టారూ" అని పిలిచాను.