పడవకు కొట్టిన కొబ్బరికాయ

ఆ రోజుల్లో జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో మనవాళ్ల బతుక్కి ఒక వరస ఉండేది. ముందు బ్లూ కార్డు వీసా, తర్వాత సెకండ్ హ్యాండ్ కారు, ఆ తర్వాత పెళ్లి, పిల్లలు, కీటా అనే పసిపిల్లల బడిలో సీటు కోసం పడిగాపులు. (ఆ వరస ఎవరు పెట్టారో నాకు ఇప్పటికీ తెలీదు. దొరికితే అడగాల్సినవి చాలా ఉన్నాయి.) ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆ వరసలో కారు దగ్గర నిలబడాల్సినదాన్ని. నిలబడలేదు, పడవ కొన్నాను. అదీ కొత్తది కాదు, ఏళ్ల తరబడి ఒక పల్లెటూరి కొట్టంలో టార్పాలిన్ కింద పడుకున్న పడవ. నల్గొండ వైపు ట్యాంకర్ వెనక బిందె పట్టుకుని పరుగెత్తి పెరిగిన పిల్లకి పడవెందుకని అందరూ అడిగారు. "అందుకే" అన్నాను. నీళ్ల కోసం నిలబడింది చాలు, ఇక నీళ్ల మీద కూర్చుంటాను.

పడవ యజమాని ఒక ముసలాయన. కనుబొమ్మలు కళ్ల మీదికి వేలాడేంత గుబురుగా ఉండేవి కాబట్టి మేం ఆయనకి కనుబొమ్మల తాత అని పేరు పెట్టుకున్నాం. మోకాళ్లు అరిగి పడవ ఎక్కలేక అమ్మేస్తున్నాడు. టార్పాలిన్ లాగగానే నాకు మతి పోయింది. తళుకులు పోసినట్టు ఎర్రటి రంగు, బాస్ అనే చేపల వేట కోసం అమెరికాలో చేసిన వెడల్పాటి ఒళ్లు, ముందువైపు గాలం వేసి కాచుకోవడానికి ఎత్తైన కుర్చీ. ఆ కుర్చీ ఎక్కాక నేను దిగే మనిషిని కాను. అయినా గుడ్డిగా కొన్నానని ఎవరూ అనకూడదు కదా, మనవాళ్లు పాత కారు కొనేటప్పుడు చూసేవన్నీ చూశాను. ట్రైలర్ టైర్లని కాలితో తన్నాను. రంగు మీద గీతలున్నాయేమోనని వంగి వంగి వెతికాను. హారన్ నొక్కాను, మోగలేదు, బ్యాటరీ లేదన్నాడు తాత, సరే అన్నాను. (పడవ మునిగేది టైర్లలో గాలి తగ్గి కాదని అప్పుడు తట్టలేదు.)

తోడు వచ్చిన మా బావ, అంటే మా అక్క మొగుడు, పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇది పడవనా, పెండ్లి బ్యాండోళ్ల బండా?" అన్నాడు.

"నీకెందుకు బావా? నా జీతం, నా పడవ."

"సరే తియ్యి. ఇది నీళ్లల్లకు దిగి నిన్ను మోసిననాడు నా మీసం తీసేస్త. అందరి ముంగట చెప్త."

బావ మీసం మామూలు మీసం కాదు. జర్మనీ వచ్చినా దానికి రోజూ నూనె పెట్టేవాడు. చెప్పినట్టే అందరి ముందూ చెప్పాడు. ఇక ఇండియన్ షాపులో కనపడినా, బర్త్‌డే పార్టీలో కనపడినా నాకు పలకరింపు ఒకటే: "ఏమ్మా, పడవ దిగిందా?" నవ్వుతూనే అడిగేవారు, నాకు మాత్రం ఒళ్లు మండేది. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఇకమీదట ఏది కావాలనుకున్నా ముందు ఈ నవ్వే వినిపిస్తుందని భయం వేసింది. కాబట్టి పడవ దిగి తీరాలి.

ఒక ఆదివారం తాత తన ట్రాక్టర్‌తో పడవని డాన్యూబ్ ఒడ్డుకి లాక్కొచ్చాడు. మోటారు బిగించకముందే పూజ కావాలంది అక్క. పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు సర్దింది. నేను కొబ్బరికాయ నేల మీద కొట్టబోతే బావ అడ్డం పడ్డాడు.

"ఈడ కొట్టకు. వీళ్లు చెప్పులు లేకుంట తిరుగుతరు. పెంకు గుచ్చుకుంటే మనతోటి పంచాయితి."

"మరి యాడ కొట్టాలె?"

"కొట్టుడే వద్దు. ఎట్లనూ దిగేది లేదు గద."

ఆ మాటతో నాకు తిక్క రేగింది. పడవ వెనక్కి వెళ్లి, మోటారు తగిలించే మందపాటి చెక్క అంచు మీద బలం కొద్దీ కొట్టాను. కాయ పగల్లేదు. పడవ పగిలింది.

కాయ సగం దాకా చెక్కలో దిగి కూర్చుంది. లాగితే దానితోపాటు చాయ్‌లో నానిన రస్కులాంటి ముద్ద ఊడి వచ్చింది. బావ నవ్వు అవతలి ఒడ్డుకి వినిపించి ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆయన ముందా? తాత మాత్రం నవ్వలేదు. గుంటలో వేలు పెట్టి చూశాడు. అసలే తెల్లటి ముఖం ఇంకా పాలిపోయింది. "లోపల తడి పట్టి కుళ్లిపోయింది. నాకు తెలీదమ్మా. మోటారు బిగించి నది మధ్యకి వెళ్లి ఉంటే ఈ చెక్క విరిగి, వెనకనుంచి నీళ్లు వచ్చేసేవి" అన్నాడు జర్మన్‌లో మెల్లగా. బావ నవ్వు ఆగిపోయింది. అక్క కొబ్బరికాయని కళ్లకద్దుకుంది. పడవ వెనక్కి తీసుకుంటానన్నాడు తాత.

"నైన్" అన్నాను, అంటే వద్దని. జర్మన్‌లో నేను తడబడకుండా పలికిన మొదటి మాట అదే కావచ్చు. బావ వైపు తిరిగి, "మీసానికి ఇంకొన్నాళ్లు నూనె పెట్టుకో బావా" అన్నాను.

ఆ చలికాలం నా శని, ఆదివారాలన్నీ తాత కొట్టంలోనే గడిచాయి. కుళ్లిందంతా తవ్వి, కొత్త చెక్క వేసి, పైన ఫైబర్ అతికించాం. వసంతం రాగానే మళ్లీ అదే ఒడ్డు, అదే చెక్క అంచు, కొత్త కొబ్బరికాయ. ఈసారి కాయ ఒక్క దెబ్బకి పగిలి నీళ్లు బావ చొక్కా మీద పడ్డాయి. తాతని నేనూ బావా చెరో రెక్కా పట్టి ఎక్కించాం. ఆయన మోటారు పట్టుకున్నాడు, నేను ఎత్తు కుర్చీలో కూర్చున్నాను, పడవ నన్ను మోసింది. (చేప ఒక్కటీ పట్టలేదు. ఇక్కడ గాలం వెయ్యాలంటే పరీక్ష పాసవ్వాలని పడవ కొన్నాకే తెలిసింది.) మర్నాడు బావ మీసం లేకుండా ఆఫీసుకి వెళ్లాడు. మాటంటే మాటే.

ఇప్పుడు నాకు కారుంది, ఫ్లాటుంది, కీటాకి వెళ్లే కూతురుంది. వరస తన పని తాను చేసుకుపోయింది. తాత లేడు. బావ మీసం మళ్లీ పెరిగింది, తెల్లగా. ప్రతి వసంతంలోనూ ఆ చెక్క మీదే కాయ కొడతాను, పగిలితేనే పడవెక్కుతాం. ఇంతకంటే మంచి పరీక్ష ఎవరైనా చెబితే వింటాను, ఒప్పుకోను. మొన్న మాత్రం కాయ పగల్లేదు. చెక్క గట్టిదే, చెయ్యే మెల్లగా పడింది, ఎక్కడ గుంట పడుతుందోనని.

"ఏం పిల్లా, భయపడ్తున్నవా?" అన్నాడు బావ మీసం దువ్వుకుంటూ.

కుర్చీ ఎక్కి దిగనన్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. దాన్ని మళ్లీ ఒకసారి చూడాలనీ అనిపించింది. "పక్కకు జరుగు బావా" అన్నాను, కాయ పట్టిన చెయ్యి ఇంకాస్త పైకెత్తి.