ఎవరికీ కాఫీ పెట్టక్కర్లేని రోజు

ఉదయం ఆరు కూడా కాలేదు. ఓడ ఏడో అంతస్తులో లిఫ్టు తలుపులు తెరుచుకోగానే పౌడరు వాసన, తడి జుట్టుకు రాసుకున్న కొబ్బరినూనె వాసన కలిసి ముఖానికి తగిలాయి. నేను వెంటబెట్టుకొచ్చిన గుంపులోని ఆడవాళ్ళు తొమ్మిది మంది స్నానాలు చేసి, ఇస్త్రీ చీరలు కట్టుకుని, భుజాలకు బ్యాగులు తగిలించుకుని, చేతుల్లో నీళ్ళ సీసాలతో నిలబడి ఉన్నారు. బస్సు కోసం. అద్దాల అవతల ఎటు చూసినా సముద్రమే. పదమూడు రోజుల ప్రయాణంలో ఇది నాలుగో రోజు, ఈ రోజు ఓడ ఏ రేవులోనూ ఆగదు. ఆ సంగతి నిన్నే చెప్పాను. అయినా వచ్చి నిలబడ్డారు. తీర్థయాత్రల బస్సులకు అలవాటుపడ్డ ప్రాణాలు, తెల్లారకముందే తయారవకపోతే తమను వదిలేసి వెళ్ళిపోతారని భయం. వాళ్ళను చూడగానే నాకు మేరీ రత్నం గారు గుర్తొచ్చారు. ఆవిడ గుర్తొచ్చినప్పుడల్లా వచ్చే కోపం కూడా వెంటనే వచ్చింది.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క మేడమీద మా ట్రావెల్ ఆఫీసు. డిగ్రీ అయ్యాక నేను అందులో చేరేనాటికి రత్నం గారు అక్కడ ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నారు. గుణదల నుంచి సిటీ బస్సులో వచ్చేవారు. ఇంట్లో భర్త, అత్తగారు, ఇద్దరు మరుదులు. అందరికీ వండిపెట్టి, తొమ్మిదిన్నరకల్లా కుర్చీలో ఉండేవారు. ఏ రోజు ఎక్కడికి వెళ్ళాలో, ఏం కట్టుకోవాలో, ఏ మందులు దగ్గర పెట్టుకోవాలో ప్రయాణికులకు ఇచ్చే కాగితాలన్నీ ఆవిడే రాసేవారు. ఓనరు ప్రసాద్ గారు వాటిమీద సంతకం పెట్టేవారు. నేనేమో ఫోను మోగితే మంచినీళ్ళ వంకతో లేచి వెళ్ళిపోయేదాన్ని. రోజూ ఇంటికెళ్ళి డైరీలో పేజీలు పేజీలు రాసుకునేదాన్ని కానీ, ఎదుటి మనిషి గొంతు వింటే మాట మరిచిపోయేదాన్ని. ఆ సంగతి ఆవిడ రెండో రోజే కనిపెట్టారు.

"రాయడం వచ్చు, మాట్లాడ్డం రాదు. అంతేగా?" అన్నారు. "సరే, రాద్దువుగాని. ముందు ఫోన్ చెయ్యి."

ఆవిడ పద్ధతి అది. కాగితం రాసే ముందు ప్రతి కుటుంబంలోనూ ఒక ఆడమనిషికి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగాలి: "ఇంట్లో మీరు ఎన్నింటికి లేస్తారండీ?" ఇదేం ప్రశ్న అనుకుంటూనే చేశాను. నాలుగున్నర, ఐదు, నాలుగుంబావు. ఉయ్యూరు నుంచి ఒకావిడ నవ్వి, "నేను లేపితేనే మా కోడి లేస్తుందమ్మా" అంది. నేను కూడా నవ్వాను, ఫోనులో, ముక్కూమొహం తెలియని మనిషితో. అన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి ఇస్తే రత్నం గారు చాలాసేపు చూసి, "వీళ్ళు నిద్ర పోవటానికి వస్తున్నారు సుధా. ఊళ్ళు చూడ్డానిక్కాదు. వాళ్ళకే తెలీదు ఆ సంగతి" అన్నారు.

అంతకు ముందు ఏడాది మా ఆఫీసు మొదటిసారి ఓడ ప్రయాణం పెట్టింది. అప్పుడు కూడా ఇలాగే, ఎక్కడా ఆగని రోజున గుంపంతా తెల్లవారకముందే బ్యాగులతో వచ్చి నిలబడ్డారట. వెంట వెళ్ళినవాడు ఫోటో తీసి పంపితే ఆఫీసంతా నవ్వింది. కాగితంలో 'విశ్రాంతి దినం' అని స్పష్టంగా ఉందిగా, చదువుకోరా అన్నారు ప్రసాద్ గారు. రత్నం గారు నవ్వలేదు. "విశ్రాంతి అని రాస్తే వాళ్ళకేం అర్థమవుద్దండీ? ఎప్పుడన్నా చూశారా దాన్ని? ఏమేం చెయ్యక్కర్లేదో విడమర్చి చెప్పాలి" అని, ఈసారి ఆ పేజీని నా ఎదురుగానే మళ్ళీ రాశారు. నా డైరీలో ఎత్తిరాసుకున్నాను కాబట్టి ఒక్క అక్షరం కూడా పోలేదు:

'ఈ రోజు ఎక్కడికీ వెళ్ళేది లేదు. బస్సు రాదు. తొందరగా లేవక్కర్లేదు. ఎవరికీ కాఫీ పెట్టక్కర్లేదు. ఎవరైనా మిమ్మల్ని ఏ పనైనా అడిగితే, సముద్రం చూస్తున్నానని చెప్పండి.'

ఆ గుంపు వెళ్ళి వచ్చిన వారానికి, రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఒకావిడ బందరు లడ్డూల డబ్బా పట్టుకుని మా మేడ మెట్లెక్కి వచ్చింది. ఆ పేజీని మడిచి కళ్ళజోడు పెట్టెలో దాచుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారి మధ్యాహ్నం దాకా పడుకున్నానని, మావారు కాఫీ అడిగితే సముద్రం చూస్తున్నానన్నానని చెప్పి, "ఇది రాసినవాళ్ళెవరో గానీ, వచ్చే ట్రిప్పుకి వాళ్ళనే మాతో పంపించండి. మా చెల్లెళ్ళందర్నీ తీసుకొస్తా" అంది.

గుంపు పెద్దదైతే దాన్ని నడిపించే మనిషికి ఓడవాళ్ళు ఒక టికెట్టు ఊరికే ఇస్తారు. వచ్చే ట్రిప్పుకి ఆ టికెట్టు తనకే వస్తుందని రత్నం గారు అప్పటికే ఆశపడుతున్నారు. అడగలేదు. కానీ పాస్‌పోర్టు తీసుకున్నారు. డెక్కు మీద జారకుండా ఉంటాయని తెల్ల కాన్వాసు బూట్లు కొనుక్కుని డ్రాయరులో పెట్టుకున్నారు. అంతమందిని సముద్రం మీదికి పంపిన మనిషి మంగినపూడి ఒడ్డు దాటి సముద్రాన్ని చూడలేదు.

హెడ్మిస్ట్రెస్ వచ్చిన రోజు రత్నం గారు పోస్టాఫీసుకి వెళ్ళారు. ప్రసాద్ గారు లడ్డూ తుంచుకుంటూ, "రాసింది మా బావమరిదేనండి, మా కిశోర్. వాణ్ణే పంపిద్దాం" అన్నారు. కిశోర్ అక్కడే కూర్చుని చిరునవ్వు నవ్వాడు. ఆ పేజీ చదివైనా ఉండడు. ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసింది. నమ్మకం కుదరక నావైపు తిరిగింది.

"ఏమ్మా, ఈయనేనా?"

నేను తల ఊపాను.

నన్నెవరూ బెదిరించలేదు. ఉద్యోగం తీసేస్తామనలేదు. ముగ్గురు మనుషులు ఒకేసారి నావైపు చూశారు, అంతే. ఆ చూపుల నుంచి తప్పించుకోవడానికి ఒక మనిషి ఇరవై రెండేళ్ళ కష్టాన్ని తల ఊపి ఇచ్చేశాను. సిగ్గరి పిల్ల, నెమ్మదైన పిల్ల అని అందరూ మెచ్చుకునే గుణం ఎవరికి పనికొస్తుందో ఆ రోజు చూశాను. నెమ్మది అన్నది ప్రసాద్ గారి లాంటివాళ్ళకు ఊరికే దొరికే టికెట్టు.

సాయంత్రం రత్నం గారికి నేనే చెప్పాను. అప్పుడు మాత్రం నోరొచ్చింది, ఏడుపుతో. ఆవిడ విని, "ఊఁ" అన్నారు. మర్నాడు ఆ తెల్ల బూట్లు వేసుకుని ఆఫీసుకొచ్చారు, నేత చీర కింద. "అవేంటండీ రత్నం గారూ, ఆటలపోటీలకా?" అన్నాడు కిశోర్. "ఓడ కోసం కొన్నాను బాబూ. ఓడ మీకు పోయింది, బూట్లు నాకు మిగిలినయ్" అన్నారు. మానేసే రోజు దాకా అవే వేసుకున్నారు. ప్రసాద్ గారు ఒక్కసారి కూడా ఆ కాళ్ళవైపు చూడలేదు.

ఇక ఆ ట్రిప్పులో కిశోర్ ఏం చేశాడో విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. డబ్బు కట్టినవాళ్ళకు ఖాళీ రోజేమిటని ఆ పేజీ కొట్టేసి, ఆడవాళ్ళకు నిప్పు లేని వంటల పోటీ పెట్టాడు. నడిసముద్రంలో, ఏ పనీ లేని ఒకే ఒక్క రోజున, వాళ్ళచేత కీరాలు తరిగించాడు. మగవాళ్ళు కూర్చుని రుచి చూసి మార్కులు వేశారట. మొదటి బహుమతి వచ్చినావిడకు ఫ్లాస్కు ఇచ్చారు. కాఫీ పోసుకునే ఫ్లాస్కు. ఆ ఫోటో ఇప్పటికీ మా ఆఫీసు గోడమీద ఉంది.

ఈ ఏడాది కిశోర్ ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల షాపు పెట్టుకున్నాడు. పంపడానికి వేరే దిక్కులేక ప్రసాద్ గారు నన్ను వెళ్ళమన్నారు, వంటల పోటీ మళ్ళీ పెట్టమన్నారు. బయల్దేరే ముందు గుణదల వెళ్ళాను. రత్నం గారికి మోకాళ్ళు పాడయ్యాయి, గుమ్మం దాటడమే కష్టం. ఆ బూట్లు తలుపు వెనక ఉన్నాయి, శుభ్రంగా తుడిచి. నేను ఓనర్ని తిట్టాను. ఇంత అన్యాయమా అన్నాను. చదువుకున్నదాన్ని కదా, పెద్ద పెద్ద మాటలు వాడాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా విన్నారు.

"కోపం ఇప్పుడు నా దగ్గర చూపిస్తే ఏం లాభమే?" అన్నారు. "ఆ రోజు ఆవిడ అడిగింది నన్ను కాదు. నిన్ను."

ఆవిడ లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, నాకు కాఫీ పెట్టి తెచ్చారు. వద్దన్నా వినలేదు.

ఇప్పుడు లిఫ్టు దగ్గర ఆ తొమ్మిది మందికీ కాగితాలు పంచాను. డైరీలోంచి తీసి, మా ఓనరుకు చూపించకుండా నేనే అచ్చు వేయించినవి. ముందు నిలబడ్డ గుడివాడ ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా చదివింది. కాఫీ మాట దగ్గర వేలు ఆగింది. పక్కావిడకు చూపించింది. ఆవిడ నీళ్ళ సీసా కింద పెట్టి మళ్ళీ చదివింది.

"ఎవరు రాశారమ్మా ఇది?"

తొమ్మిది మందీ నావైపు చూశారు.

"మేరీ రత్నం గారండి. మా ఆఫీసులో చేసేవారు. గుణదల." నా గొంతు నడవా చివరిదాకా వినపడింది.

"అట్టాగా. ఆవిడ కూడా వచ్చిందా?"

"లేదండి. రానివ్వలేదు."

"అయ్యో, ఎవరూ?"

"మా ఓనరు గారు," అన్నాను. "నేనూ."

గుడివాడ ఆవిడ నన్ను ఒకసారి చూసి, భుజానికున్న బ్యాగు తీసి చేత్తో పట్టుకుని, గదివైపు నడిచింది. ఒక్కొక్కరే వెనక్కి వెళ్ళారు. పౌడరు వాసన మాత్రం కాసేపు అక్కడే ఉంది. నేను డెక్కు మీదికి వచ్చి కూర్చున్నాను. ప్రసాద్ గారి మెసేజి వచ్చింది: వంటల పోటీ ఎన్నింటికి, ఫోటోలు త్వరగా పంపు, ఏం చేస్తున్నావ్?

సముద్రం చూస్తున్నానండి, అని రాసి పంపాను.