చూడకుండా అన్న మాట

టాటానగర్ పక్కనున్న జుగ్సలాయిలో, గోదాముల వెనక సందులో లారీ సీట్లు కుట్టే చిలకమ్మకు కోపం ఎక్కువని అందరికీ తెలుసు. తండ్రి తవిటయ్య నరసన్నపేట వైపు నుంచి వచ్చి పెట్టిన దుకాణం అది. ఆయన పోయాక కొట్టు మూసేస్తుందనుకున్నారు. ఆమె మూయలేదు. లోకో షెడ్డులో పనిచేసే భర్త ఆదిబాబు కూడా ఆ మాట ఎత్తే సాహసం చేయలేదు. సీట్లయినా, టార్పాలిన్లయినా, రిక్షా టాపులయినా ఆమె కుడితే ఊడేది కాదు. వంక పెట్టినవాణ్ణి సందు చివరిదాకా తిట్టి పంపేది.

ఎనభై రెండో సంవత్సరం వేసవికి ముందు ఆమెకు ఒక కారు పని వచ్చింది. నారాయణమూర్తి అనే కాంట్రాక్టరు, ఒరిస్సా జమీందారు ఒకాయన ఇంట్లో మూలపడ్డ పాత అమెరికా కారును కొని బాగుచేయిస్తున్నాడు. పడవంత కారు. ఆ కాలం కారైనా అందులో ఏసీ ఉంది. దాని మిషను డిక్కీలో ఉంటుంది. చల్లగాలి వెనక అద్దం పక్కనుంచి పైకెక్కి, రూఫ్ గుడ్డ లోపలి గొట్టాల గుండా వచ్చి మనుషుల మీద పడుతుంది. ఏసీ పని భీమారావుది. ఆయన టాటానగర్‌లో రైలు ఏసీ పెట్టెల ఫిట్టరు, చిలకమ్మ అక్క కాంతం మొగుడు. సీట్లు, రూఫ్ గుడ్డ పని మరదలికి ఇప్పించింది ఆయనే.

కారు తయారయ్యాక నారాయణమూర్తి చుట్టాలను ఎక్కించుకుని డిమ్నా చెరువుకు బయలుదేరాడు. మాంగో వంతెన దాకా హాయిగా చల్లగా ఉంది. ఆ తర్వాత ఫ్యాను చప్పుడే తప్ప గాలి లేదు. చుట్టాలు చెమటలో తడిసి తిరిగొచ్చారు.

భీమారావు గ్యాసు చూశాడు, సరిపోను ఉంది. బెల్టు మార్చాడు. రేడియేటరు ముందున్న జల్లెడలాంటి జాలీలో పేరుకున్న దుమ్మంతా కడిగాడు. ఏంచేసినా అదే వరస. కాసేపు చల్లగా వచ్చేది, తర్వాత సన్నగిల్లేది. బండి ఆపాక డిక్కీ కింద నీళ్ల మడుగు.

"రైల్వేలో డ్యూటీ ఎగ్గొట్టి బయటి పనులు చేస్తావు, అవీ సరిగ్గా చేయవు. మీ ఫోర్‌మన్‌తో చెప్పమంటావా?" అన్నాడు నారాయణమూర్తి.

భీమారావు గబుక్కున డిక్కీ మూసేశాడు. "నా మిషను బాగానే ఉందండీ. రూఫ్ కుట్టడంలోనే గొట్టాలు ఊడిపోయుంటాయి" అనేశాడు.

కబురందగానే చిలకమ్మ వచ్చింది. నారాయణమూర్తి ఇంటి ముందు పోర్టికోలో కారు పెట్టి ఉంది.

"రూఫ్ సూసినావా బావా?" అని అడిగింది.

"సూడక్కర్నేదు. నా వైపు అన్నీ సరిగున్నాయి. మిగిలింది నీ పనే గదా."

"విప్పి చూపించు. నాకు కారు చల్లబడాలి, అంతే" అన్నాడు నారాయణమూర్తి.

ఒక్క ముడత లేకుండా ఎన్నో రోజులు లాగి లాగి బిగించిన గుడ్డ అది. చిలకమ్మ పళ్లు బిగించి, తను వేసిన కుట్లు తనే కోసుకుంటూ పోయింది. లోపల గొట్టాల అతుకులు ఎక్కడా కదల్లేదు.

"సెయ్యెట్టి సూడు. ఎక్కడూడింది?"

భీమారావు చూశాడు. ముందుకెళ్లి మళ్లీ ఇంజను స్టార్ట్ చేశాడు. నారాయణమూర్తి వరండాలోకి వెళ్లి కూర్చున్నాడు.

చిలకమ్మ వెనక సీటు మీద మోకాళ్లు వేసి, ఊడిన గుడ్డను చుట్టబెడుతోంది. వెనక అద్దం కిందున్న అరుగులాంటి బల్ల మీద చెయ్యి ఆనించింది. తను బిగించిన రెక్సిను రెండుచోట్ల లోపలికి పీక్కుపోయి ఉంది. చెయ్యి తీసినా పైకి లేవలేదు. కింద తుప్పుపట్టిన చిల్లుల రేకులు రెండున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. రేడియో కోసమేమో అనుకుని, అసహ్యంగా ఉన్నాయని, ఎవరినీ అడక్కుండా రెక్సిను కప్పేసింది. అంటే కారులోని గాలిని మిషను లాక్కునేది వాటిలోంచే. గాలి అందక మిషను మంచుగడ్డ కట్టుకుపోతోంది. బండి ఆపాక ఆ మంచే కరిగి డిక్కీ కింద కారుతోంది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. బావ బానెట్ మీదకు వంగి ఉన్నాడు. ఎవరూ చూడటంలేదు. ఓ మూలనుంచి చప్పుడు కాకుండా సరిచేసేయొచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. అలాంటి ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. బ్లేడు తీసి రెక్సినును అడ్డంగా కోసేసింది.

"బావా, ఇలాగ్గా రా."

భీమారావు వచ్చి చూశాడు. మంచు కరిగేదాకా ఉత్త ఫ్యాను తిప్పి, తర్వాత మిషను వేశాడు. ఈసారి చల్లదనం తగ్గలేదు. ఆయన నిట్టూర్చి, వరండావైపు తిరిగి, "సెప్పినాను గదండీ, సీట్ల పనిలోనే ఉందని" అన్నాడు.

"నువ్వు సెప్పింది ఇది కాదు" అంది చిలకమ్మ. "రూఫన్నావు. నా సేత రూఫ్ ఇప్పించినావు. ఇది నా తప్పే. నానే కోసినాను, నానే సూపించినాను. నువ్వు సూడకుండా అన్నావు. అదీ సెప్పు అయ్యగారికి."

భీమారావు పనిముట్లు ఏరుకోవడం మొదలెట్టాడు. అప్పటికే వరండా దిగొచ్చి కారెక్కి కూర్చున్న నారాయణమూర్తి, "చల్లబడింది కదా, ఇంకా గొడవెందుకు?" అంటూ అద్దం పైకి తిప్పేసుకున్నాడు.

చిలకమ్మ రూఫ్ మళ్లీ కుట్టింది, రేకుల చుట్టూ రెక్సిను కత్తిరించి అంచులు మడిచింది. ఆ పని జరిగినన్నాళ్లూ బావతో మాట్లాడలేదు. భాలుబాసాలో ఉన్న అక్క ఇంటికి వెళ్లడమూ మానేసింది.

కాంతమే వచ్చింది. "మీ ఇద్దరి మధ్యన నన్నెందుకే నలిపేత్తారు?"

"నీ మీద కోపం నేదక్కా. నీ మొగుడు ఆ మాట ఎనక్కి తీసుకోవాల."

వానలు పడ్డాక భీమారావు దుకాణానికొచ్చి, అంచుల నుంచి నీళ్లు కారుతున్న టార్పాలిన్ కింద నిలబడ్డాడు.

"ఆ రోజు భయమేసింది సిలకమ్మా. ఫోర్‌మన్‌తో సెప్తానన్నాడు. నోటికొచ్చింది అనీసినాను."

చిలకమ్మ కుట్టుమిషను తొక్కడం ఆపలేదు. "నాకు సెప్తే ఏటి లాభం? ఆయనకి సెప్పు."

ఇద్దరూ వెళ్లారు. నారాయణమూర్తి వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. భీమారావు చేతులు కట్టుకుని, "రూఫ్ సంగతి ఆ రోజు నాను సూడకుండా అన్నానండీ. ఆ పనిలో తప్పు నేదు" అన్నాడు.

"ఏ రూఫ్?" అన్నాడు నారాయణమూర్తి.

"కారు రూఫండీ."

"ఆ కారా? అమ్మేశాను. పెట్రోలు తాగేస్తోంది. కలకత్తావాళ్లెవరో పట్టుకెళ్లారు." మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

గేటు దాటాక ముందు నోరు చేసుకుంది భీమారావే. "మనల్ని కుక్కల్లాగ కొట్టుకునేట్టు సేసి, ఏ రూఫంటాడేటి?"

"అద్దం మూసుకున్నోడికి ఏటి గుర్తుంతాది?" అంది చిలకమ్మ.

ఇద్దరూ కాంట్రాక్టరును తిట్టుకుంటూ భాలుబాసా దాకా నడిచారు. ఆ గొంతులు విని, మళ్లీ వీళ్లిద్దరే కొట్టుకుంటున్నారనుకుని కాంతం తడిచేతులతో వీధిలోకి పరుగెత్తుకొచ్చింది.