బస్సుల ఆఫీసుకు బొత్తాలక్క రాసిన మూడు ఉత్తరాలు

బొత్తాలక్కకు ఆ పేరు ఎవరు పెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. మెట్ల కింద ఆరడుగుల చోటులో కుట్టుమిషను, గోడ బారునా డబ్బాల నిండా బొత్తాలు, మెడలో ఎప్పుడూ వేలాడే కొలతల టేపు. ఊడిన బొత్తాం కుట్టడం, వదులైన నడుం బిగించడం, పొడుగు ప్యాంటు పొట్టి చేయడం ఆమె పని. చదివింది ఐదో తరగతి. అయినా ఆ వీధిలో ఎవరింటికి ఉత్తరం వచ్చినా కవరు మీది దస్తూరి చూసి ఎవరు రాశారో చెప్పేసేది. చెప్పి ఊరుకుంటుందా, ఏం రాశారో కూడా అడిగేది. నోటితో ఎవరినైనా ఏదైనా అడగడానికి ఆమెకు మొహమాటం లేదు. ఉత్తరంలో అడగడానికి మాత్రం చెయ్యి వచ్చేది కాదు.

అది వాళ్లమ్మ పెంపకం. ఉత్తరంలో చెయ్యి చాపకూడదని ఆవిడ నియమం. కావాల్సింది ఏదైనా ఉంటే దాని చుట్టూ తిరిగి రావాలే తప్ప దాన్ని ముట్టుకోకూడదు. అక్క రావాలని ఉంటే బొత్తాలక్క ‘వెనక గది ఖాళీగానే ఉంది, కర్టెన్లు ఉతికాను’ అని రాసేది. వారం తిరక్కుండా అక్క సంచీ పట్టుకుని దిగేది. నలభై ఏళ్లుగా ఆ అక్కచెల్లెళ్ల మధ్య ఉత్తరాలు అలాగే నడిచాయి, ఎక్కడా గురి తప్పలేదు.

బొత్తాలక్క భర్త చూపున్న రోజుల్లో వడ్రంగి. పదేళ్ల కిందట చూపు పోయింది. ఆరునెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏడో నెలలో లేచి, కుర్చీలకు వైరు అల్లడం నేర్చుకుని ఒక వర్క్‌షాపులో చేరాడు. పొద్దున ఎనిమిదీ పదికి బస్సు. స్టాపు ఇంటి వరసలోనే, నాలుగిళ్ల అవతల. రోడ్డు దాటే పని లేదు. అది ఊరు చుట్టి వచ్చే బస్సు కాబట్టి సాయంత్రం కూడా అదే పక్కన దింపేది. చేతికర్ర ఆనించుకుంటూ ఒక్కడే వెళ్లేవాడు, ఒక్కడే వచ్చేవాడు.

ఒక సోమవారం ఆ స్టాపు స్తంభం పీకేశారు. స్టాపును పెద్ద కూడలి అవతలికి మార్చినట్టు పక్క గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. అక్కడికి పోవాలంటే రెండు పెద్ద రోడ్లు దాటాలి.

“దానికేముంది, నేను దింపి వస్తాను” అంది బొత్తాలక్క. మూడు రోజులు దింపింది. నాలుగో రోజు ఆయన చొక్కా వేసుకోలేదు.

“ఏమండీ, టైమైంది.”

“నేను రాను. నిన్న బస్సెక్కుతుంటే కండక్టరు ఏమన్నాడు? ‘పెద్దాయన్ని జాగ్రత్తగా కూర్చోబెట్టమ్మా’ అన్నాడు. నీతో అన్నాడు. నేనక్కడే ఉన్నాను కదే, నాతో అనొచ్చుగా.”

ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. వర్క్‌షాపు నుంచి కబురొచ్చింది, రెండు నెలలు చూస్తాం, ఆ తరువాత ఆ చోట్లో ఇంకొకరిని పెట్టుకుంటాం అని. పగలంతా ఆ కుర్చీలో మనిషిని చూస్తుంటే ఆమెకు గోడవైపు తిరిగి పడుకున్న ఆ ఆరునెలలూ కళ్ల ముందు తిరిగాయి. మళ్లీ అటు తిరగనిచ్చేది లేదనుకుంది. కాగితాలు తెచ్చుకుని మిషను మీదే పెట్టి ఉత్తరం మొదలుపెట్టింది.

‘మహారాజశ్రీ బస్సుల ఆఫీసరు గారికి, మెట్ల కింద మిషను బొత్తాలక్క నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరూ, తమ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. తమ అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి?’ అలా సాగి సాగి నాలుగు కాగితాలైంది. ఆయన ఇంట్లోనే ఉంటున్నారని రాసింది. చేతికర్ర మూల నిలబెట్టే ఉంటోందని రాసింది. స్తంభం పీకిన చోట గుంట పడిందనీ, వానకు నీళ్లు నిలుస్తున్నాయనీ రాసింది. మిగతా విషయాలు కలిసినప్పుడు, అని ముగించింది. తనకు తెలిసినంతలో అంత గట్టిగా ఆమె జన్మలో ఎవరికీ రాయలేదు.

పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు ఇద్దరు పనివాళ్లు తట్టలతో వచ్చి, ఆ గుంటను రాళ్లూ సిమెంటూ పోసి నున్నగా పూడ్చి వెళ్లిపోయారు.

మర్నాడు ఆమె బస్సుల ఆఫీసుకు వెళ్లింది. టపా తీసుకునే కౌంటరులో ఒక అమ్మాయి ఫైలు వెతికి ఆ నాలుగు కాగితాలూ బయటికి తీసింది.

“ఇది మీరు రాసిందేనా ఆంటీ? మా సెక్షనంతా చదివాం. చాలా బాగుంది. మా సార్‌వాళ్ల అమ్మగారికి మోకాళ్ల నొప్పులని మీకెలా తెలుసు?”

“ఆ వయసులో ఎవరికి లేవమ్మా. ఇంతకీ తగ్గాయా?”

“ఏదీ, ఇంకా మందులే. మీ పని అయిపోయిందిగా, గుంట పూడ్చారుగా?”

“గుంట ఎవడు పూడ్చమన్నాడు? నాకు స్టాపు కావాలి.”

“అలాగని ఎక్కడ రాశారు?” అని అమ్మాయి కాగితాలు ఇటు తిప్పింది.

బొత్తాలక్క కళ్లజోడు పెట్టుకుని అక్కడే నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివింది. వెనక మనుషులు గొణుక్కుంటున్నా కదల్లేదు. నాలుగు కాగితాల్లో స్టాపు కావాలన్న మాట లేదు.

వాళ్లింటి మేడమీద ఒక ముసలాయన ఉంటాడు. నలభై ఏళ్లు ఆఫీసులో టైపు కొట్టి రిటైరయ్యాడు. అందరూ టైపు మాస్టారంటారు. ఆమె తిన్నగా ఆయన దగ్గరికే పోయింది. ఆయన ఉత్తరం చదువుతూ మొదటి కాగితానికే నవ్వాపుకోలేకపోయాడు.

“ఇది అర్జీ కాదమ్మాయ్, పుట్టింటికి రాసినట్టుంది. ముందు, ఎవరు రాస్తున్నారు, ఎవరికి రాస్తున్నారు. ఆ పక్కన తారీకు. కింద విషయం, ఒక్క ముక్కలో. ఆ తరువాత ఏం జరిగింది, నీకేం కావాలి. సంతకం. అంతే. కుశలాలు, మోకాళ్లు తీసెయ్.”

“అంతా చెప్పాక మళ్లీ కావాలని నోరు తెరిచి అడగాలా మాస్టారూ? వాళ్లకి తెలియదూ?”

“మీ అక్కకి తెలుస్తుంది. ఆ ఆఫీసరు మీ అక్క కాదు.”

ఆ మాట ఆమెకు సూదిలా దిగింది. ఆ సాయంత్రమే ఆరు లైన్లలో రెండో ఉత్తరం రాసింది. ‘పీకేసిన స్టాపును పాత చోటనే మళ్లీ పెట్టించగలరు’ అన్న చోట పెన్ను కాస్త ఆగింది, అయినా రాసేసింది. ఇంకో కాపీ తీసుకుని, దాని మీద అందినట్టు ముద్ర కొట్టించుకుని మరీ వచ్చింది.

ఆ ఊపులో అక్కకు కూడా ఉత్తరం రాసింది. రెండో రోజే అక్క ఫోను.

“నేనేం తప్పు చేశానే?”

“అదేంటక్కా?”

“‘విషయం: వచ్చే నెల మీ రాక గురించి’ అని రాశావు. ఎలా ఉన్నావని ఒక్క మాట లేదు. మీ రాక ఏమిటి, నేను ‘మీరు’ ఎప్పుడయ్యాను? మీ బావగారు చదివి, మీ ఇద్దరికీ ఏమైనా గొడవా అనడిగారు.”

బొత్తాలక్కకు నవ్వూ సిగ్గూ ఒక్కసారే వచ్చాయి. “నా బుర్రలో ఒకే అచ్చు పెట్టుకుని అందరికీ అదే గుడ్డ కత్తిరిస్తున్నానక్కా” అంది. ఆ ఉత్తరం చింపెయ్యమని చెప్పి అక్కకు మళ్లీ కర్టెన్ల గురించి రాసింది.

ఆఫీసు నుంచి జవాబు పదిహేను రోజులకు వచ్చింది. ‘కొత్త స్టాపు పాత స్టాపుకు నూట యాభై మీటర్ల దూరంలోనే ఉన్నందున ప్రయాణికులకు ఎటువంటి అసౌకర్యమూ లేదని తెలియజేయడమైనది.’

ఆమె అది చదివి మెడలోని టేపు చేత్తో పట్టుకుంది. “నూట యాభయ్యా? ఏ టేపుతో కొలిచార్ట?”

ముప్పై ఏళ్లుగా అర అంగుళం తేడా వస్తే కుట్టంతా విప్పి మళ్లీ కుట్టిన మనిషి. ఇంకేమన్నా ఊరుకునేదేమో గానీ, కొలత దగ్గర ఊరుకోదు. బట్టలారేసే తాడు విప్పి, టేపుతో పది మీటర్లు కొలిచి కోసింది. ఒక్కో కొసకు ఒక్కో ముడి వేసింది. భర్త కుర్చీ ముందు నిలబడింది.

“ఒక కొస మీరు పట్టుకోవాలి.”

“ఇంకెవరూ దొరకలేదా?”

“తాడు ఎంత లాగితే బిగువు సరిపోతుందో వడ్రంగికి తెలిసినట్టు ఎవరికి తెలుసు? రండి.”

ఆయన చెయ్యి చాపి తాడు కొస తడిమి చూశాడు. తరువాత చొక్కా ఎక్కడుందని అడిగాడు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టారు. ఆయన కొస పట్టుకుని నిలబడతాడు, ఆమె తాడు సాగినంత దూరం నడిచి సుద్దతో గీత గీస్తుంది, ఆయన తాడు తడుముకుంటూ గీత దాకా వస్తాడు. మళ్లీ మొదలు. పళ్ల బండి అతను చూసి కేకేశాడు.

“ఏం బొత్తాలక్కా, రోడ్డుకి ప్యాంటు కుడుతున్నావా?”

“అవును తమ్ముడూ. పొట్టిది చాల్లే అని ఆఫీసువాళ్లు రాశారు, సరిపోతుందో లేదో చూస్తున్నా.”

పదిహేను తాళ్లయ్యేసరికి మొదటి రోడ్డే వచ్చింది. రెండో రోడ్డు దగ్గర సిగ్నలు లేదు, తెల్లగీతలు లేవు, బళ్లు ఆగవు. ఆమె చెయ్యి పట్టుకోబోతే ఆయన వెనక్కి లాక్కున్నాడు. అడుగు ముందుకేశాడు, హారన్ మోగింది, వెనక్కి తీశాడు. మళ్లీ వేశాడు, మళ్లీ తీశాడు. ఇంకోసారి. ముఖం చెమట పట్టింది.

“ఇది రాయి” అన్నాడు.

“ఏమని?”

“మూడుసార్లు అడుగేసి మూడుసార్లు వెనక్కి తీశానని.”

“అయ్యో, జాలిపడతారేమోనండీ. మీకది ఇష్టముండదుగా.”

“జాలి అని రాయకు. మూడుసార్లు అని రాయి. జరిగిందేగా.”

చివరికి ఆమె చెయ్యి ఆసరాతోనే దాటారు. ఆయనే అడిగి పట్టుకున్నాడు. కొత్త స్టాపు దాకా ముప్పై ఏడు తాళ్లు, ఆ పైన ఆరు మీటర్లు.

ఇంటికొచ్చి మూడో ఉత్తరం రాయడానికి కూర్చుంది. “ఎవరు రాస్తున్నారు” అన్న చోట తన పేరు రాయబోతుంటే ఆయన ఆపాడు. “బస్సెక్కేది నేను. అర్జీ నాది. నా పేరు పెట్టు.” ఆమె పెట్టింది. మాస్టారు టైపు కొట్టిస్తానన్నాడు గానీ, తన దస్తూరితోనే పోతుందంది.

‘విషయం: పాత బస్టాపును తిరిగి పెట్టించమని. అయ్యా, తమ ఉత్తరంలో కొత్త స్టాపు నూట యాభై మీటర్లని ఉంది. నా భార్యా నేనూ తాడుతో కొలిచాం, మూడువందల డెబ్భై ఆరు మీటర్లు. దారిలో రెండు రోడ్లు దాటాలి. రెండోదానికి సిగ్నలు లేదు. నాకు చూపు లేదు. అక్కడ మూడుసార్లు అడుగువేసి మూడుసార్లు వెనక్కి తీశాను. దాటడానికి పదకొండు నిమిషాలు పట్టింది. పాత స్టాపు నుంచి తొమ్మిదేళ్లు ఒంటరిగా పనికి వెళ్లాను. అలాగే వెళ్లాలని కోరుతున్నాను. కాబట్టి ఆ స్టాపును పాత చోటనే పెట్టించవలెను. తమ మనిషిని పంపి కొలిపించుకోవచ్చు.’

ఆమె సంతకం చోట స్కేలు ఆనించి పెట్టింది. స్కేలు అంచు వెంట వేలు నడుపుతూ ఆయన సంతకం చేశాడు. పదేళ్ల తరువాత చేసిన సంతకం, కాస్త పైకి ఎక్కింది, అంతే.

ఎనిమిదో రోజు ఒక ఇన్‌స్పెక్టరు చక్రమున్న కొలబద్ద తోసుకుంటూ వచ్చాడు. ఆమె మిషను ఆపి ఆయన వెంటే నడిచింది, అడుగడుగునా ప్రశ్నలే. చివరికి ఆయన పుస్తకంలో రాసుకుంటూ, “మూడువందల డెబ్భై నాలుగు” అన్నాడు.

“రెండు మీటర్లు ఎక్కడ తగ్గాయి సార్? చక్రం అరిగిందేమో చూసుకోండి.”

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు గానీ, రెండో రోడ్డు దగ్గర గడియారం చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

వర్క్‌షాపు పెట్టిన గడువుకు పదకొండు రోజులుందనగా కవరు వచ్చింది, ఆయన పేరు మీద. ప్రయోగాత్మకంగా మూడు నెలలపాటు స్టాపును పాత చోటే ఉంచుతారట. పనివాళ్లు మళ్లీ వచ్చి, అంత గట్టిగా సిమెంటు పోసినవాణ్ణి తిట్టుకుంటూ, పగలగొట్టి స్తంభం పాతారు.

ఆ మర్నాడు ఎనిమిదింటికి ఆయన కర్ర తీసుకుని గడప దిగాడు. ఆమె మిషను దగ్గర్నుంచి లేవలేదు. సూదిలో దారం ఎక్కించబోతే రెండుసార్లు తప్పిపోయింది. బస్సు వచ్చి ఆగిన చప్పుడైంది. “ఏం పెద్దాయనా, చాలా రోజులైందే” అని కండక్టరు గొంతు. “సెలవు పెట్టాన్లే” అని ఆయన గొంతు. బస్సు కదిలింది.

ఆమె దారం పక్కన పెట్టి, సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసింది. మూడు నెలలు ఎప్పటికి పూర్తవుతాయో వేళ్ల మీద లెక్కపెట్టుకుని, దానికి వారం ముందటి తారీకు కుడివైపు పైన వేసింది. దాని కింద రాసింది: ‘విషయం: స్టాపును శాశ్వతంగా ఉంచమని.’